గుంటడికి తాబేలు పేరేటి?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. బాబుకి పదో నెల నడుస్తోంది. కాన్పు మా ఆవిడ పుట్టిల్లు విజయనగరంలో, ఆసుపత్రిలో అయింది. నక్షత్రం ఆరుద్ర ఒకటో పాదం, ‘కూ’ అక్షరం వచ్చిందన్నారు పంతులుగారు. మా నాన్నగారి పేరు కూర్మారావు. రెండేళ్ళ కిందట పోయారు. ఆయన పేరు కలిసొచ్చేలా కూర్మ అనో కూర్మనాథ్ అనో పెడదామని నాకుంది. ‘గుంటడికి తాబేలు పేరేటి?’ అంటారు మా అత్తగారు. బెంగళూరులో ఉన్న మా బావమరిది ‘పరోటాలోకి కుర్మా’ అని నవ్వుతాడు. మా పెదనాన్న పేరేమో కూర్మినాయుడు. కూర్మి, కూర్మ రెండూ ఒకటేనా? ఇప్పుడెవరైనా ఈ పేరు పెడుతున్నారా? ఈ తగువుతో బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

పెట్టండి. వద్దనుకోవాల్సినంత దోషం ఆ పేరులో ఏమీ లేదు. కాకపోతే ‘కూర్మ’ అని ఒంటిగా వదిలేయకండి. ‘కూర్మనాథ్’ అని, మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాటగా రాయించండి. మీ ఇంట్లో తగువంతా అర్థం మీద నడుస్తోంది గానీ, రేపు పిల్లాడికి చిక్కు తెచ్చిపెట్టేది అర్థం కాదు, స్పెల్లింగు. ముందు అర్థం సంగతి తేల్చేసి అక్కడికి వద్దాం.

కూర్మం అంటే తాబేలే, అందులో దాచేదేం లేదు. అమరకోశం కూర్మ, కమఠ, కచ్ఛప అని మూడు మాటల్నీ ఒక్క వరసలో చెప్పేస్తుంది. ఈ మాట ఎలా పుట్టిందో శతపథ బ్రాహ్మణం తన పద్ధతిలో చెబుతుంది: ప్రజాపతి తాబేలు రూపం ధరించి ప్రాణుల్ని ‘చేశాడు’, చేశాడు గనుక కూర్మం అయ్యాడు అని. ‘చేయు’ అనే అర్థమున్న కృ ధాతువుతో ముడిపెట్టిన చమత్కారం అది, భాషాశాస్త్రం ఒప్పుకునే వ్యుత్పత్తి కాదు. కానీ మీ అత్తగారి ముందు పనికొచ్చే మాట ఒకటి సరిగ్గా అక్కడే ఉంది. కశ్యపుడన్నా కూర్మమే, అందుకే ప్రాణులన్నీ కశ్యపుడి సంతానం అంటారని. అంటే కశ్యప్ అన్నా తాబేలే! బ్యాడ్మింటన్ ఆటగాడు పారుపల్లి కశ్యప్ పేరు విన్నప్పుడు ఎవరికైనా తాబేలు గుర్తొచ్చిందా? కాశ్యప గోత్రం చెప్పుకునేవాళ్ళు ఎంతమంది లేరు! ఒకే ప్రాణి, రెండు పేర్లు. ఒకటి ఫ్యాషన్, ఇంకొకటి పాతచింతకాయ పచ్చడి అయింది, అంతే.

ఇంకో లెక్క చూడండి. యోగశాస్త్రంలో ప్రాణం, అపానం మొదలైన అయిదు వాయువులకు తోడు అయిదు ఉపవాయువులు చెబుతారు: నాగ, కూర్మ, కృకర, దేవదత్త, ధనంజయ. కనురెప్ప మూసి తెరిపించేది కూర్మ వాయువు. ఈ అయిదింటిలో దేవదత్త, ధనంజయ పిల్లల పేర్లుగా వాడుకలో ఉన్నవే. నాగ సంగతి చెప్పక్కర్లేదు, ప్రతి ఊళ్ళో నాగరాజూ నాగేశ్వరరావూ ఉన్నారు. పాము పేరుకి లేని అభ్యంతరం తాబేలు పేరుకి ఎందుకు? సింహాచలం స్వామి పేరు మీద మన వైపు వరహాలరాజు, వరహాలమ్మ అని పెట్టుకుంటారు. వరాహం అంటే ఏమిటో తెలిసే పెట్టుకుంటారు.

అసలు విషయం, మీ అబ్బాయికి పెడుతున్నది తాబేలు పేరు కాదు, శ్రీకూర్మం స్వామి పేరు. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఉన్న ఆ గుడిని ఎవరూ తాబేలు గుడి అనరు, కూర్మనాథుడి గుడి అంటారు. వ్యాకరణం ప్రకారం చూసినా కూర్మనాథుడంటే తాబేళ్ళకు నాథుడు అని కాదు, కూర్మరూపుడైన నాథుడు అని. పాలసముద్రం చిలికేటప్పుడు కుంగిపోతున్న మందరగిరిని వీపు మీద మోసినవాడు. తాబేలు పేరు పెడితే పిల్లాడు మందకొడిగా తయారవుతాడని మీ వైపు కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. భగవద్గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో స్థితప్రజ్ఞుడికి చెప్పిన పోలిక తాబేలే అని వాళ్ళకి చెప్పండి. తాబేలు కాళ్ళూ తలా లోపలికి తీసుకున్నట్టు ఇంద్రియాల్ని వెనక్కి తీసుకోగలవాడు అని.

ఈ పేరు మన నేల మీద ఎంత పాతదో తెలిస్తే మీకు ఇంకాస్త ధైర్యం వస్తుంది. శ్రీకూర్మం గుడికి తూర్పు గంగరాజుల కాలం నుంచీ శాసనాలున్నాయి. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు అక్కడ యోగానంద నరసింహస్వామికి గుడి కట్టించిన సంగతి 1281 నాటి శాసనంలో ఉంది. పూరీ నుంచి సింహాచలం మీదుగా దక్షిణానికి వెళ్ళే యాత్రికులకు ఇది మజిలీ. చైతన్య మహాప్రభువు 1510లో దక్షిణయాత్రకు బయల్దేరి ఇక్కడ ఆగినప్పుడు ఆయనకు ఇంట్లో ఆతిథ్యం ఇచ్చిన గృహస్థు పేరు కూర్ముడు. చైతన్య చరితామృతం ఆ పేరుతోనే చెబుతుంది. అంటే మీరు అనుకున్న ‘కూర్మ’ అనే ఒంటి పేరు కూడా కొత్తగా పుట్టించింది కాదన్నమాట.

కూర్మనాథ అనే పేరుకి మన దగ్గర అంతకన్నా దగ్గరి సాక్ష్యం ఉంది. విజయనగరం పూసపాటి ప్రభువుల కాలంలో, 18వ శతాబ్దంలో, గోగులపాటి కూర్మనాథ కవి ఉండేవాడు. సింహాద్రి నారసింహ శతకం రాసింది ఆయనే. శత్రుసైన్యం ఊళ్ళ మీద పడి దోచుకుంటుంటే చూస్తూ కూర్చున్నావేమయ్యా అని దేవుణ్ణే పట్టుకుని నిలదీసిన కవి. కూర్మం పేరున్నవాడు మెతకగా ఉంటాడనేవాళ్ళు ఆ శతకంలో నాలుగు పద్యాలు చదివితే చాలు.

ఇక కూర్మి, కూర్మ సంగతి. కూర్మినాయుడు, కూర్మారావు, కూర్మయ్య, కూర్మన్న అన్నీ శ్రీకూర్మం చుట్టూ అల్లుకున్న పేర్లే. మన వైపు క్షేత్రం పేరో దేవత పేరో పట్టుకుని దానికి కులానికో వాడుకకో తగ్గ తోక తగిలించడం అలవాటు. సింహాద్రి అప్పన్న నుంచి అప్పలనాయుడు, అప్పలరాజు, విజయనగరం పైడితల్లి నుంచి పైడిరాజు, పైడినాయుడు, శ్రీముఖలింగం నుంచి ముఖలింగం. కూర్మారావులో ‘ర్మా’ దీర్ఘం రామారావు, సుబ్బారావుల్లో వచ్చేదే. కూర్మినాయుడిలో ఇకారం పైడినాయుడు, లక్ష్మినాయుడు, తవిటినాయుడు అనే వరసలో నోటికి ఒదిగిపోయింది. అయితే తెలుగులో కూర్మి అనే మాట విడిగా ఉంది. కూరిమి అన్నా అదే, ప్రేమ, స్నేహం అని అర్థం. ఆ మాటకీ తాబేలుకీ చుట్టరికం లేదు. మీ పెదనాన్నగారి పేరు స్వామి నుంచి వచ్చినా చెవికి మాత్రం తియ్యటి తెలుగు మాటలా వినబడుతుంది. ఆ లాభం కూర్మినాయుడు అనే రూపానికి ఒక్కదానికే దక్కింది.

అన్నట్టు, పై వరసలో ఉన్న తవిటినాయుడు పూర్తిగా వేరే రకం. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, తర్వాత పుట్టినవాణ్ణి తవుడికి అమ్మినట్టు చేసి, మళ్ళీ తెచ్చుకుని పెట్టే పేరది. పెంటయ్య కూడా ఆ జాతిదే. దిష్టి తగలకుండా కావాలని తక్కువ చేసి పెట్టే పేర్లు అవి. కూర్మను ఆ గాటన కట్టేసి ‘పాతకాలం మోటు పేరు’ అనేవాళ్ళు రెండింటినీ కలిపేస్తున్నారు.

మీ నాన్నగారి పాత దస్తావేజులు తీసినప్పుడు ఒకటి గమనించండి. వెనకటి రాతలో ‘ర్మ’ను ఇప్పటిలా ర కింద మ ఒత్తు ఇచ్చి రాసేవారు కాదు. ముందు మ రాసి, దాని పక్కన వలపలగిలక పెట్టేవారు. తొమ్మిది అంకెలా ఉంటుంది అది. కూర్మ కాస్తా ‘కూమ౯’ అయ్యేది. ధర్మను ‘ధమ౯’ అని రాసినట్టే. గిలక సంగతి తెలియనివాళ్ళు అది చూసి కూమ అనో, కూమ తర్వాత ఏదో అంకె ఉందనో చదువుతారు. దస్తావేజులో పేరు తేడాగా ఉందని కంగారు పడి దిద్దించడానికి పరుగెత్తకండి.

ఇప్పుడెవరైనా పెడుతున్నారా అంటే, చాలా తక్కువ. ఈ పేరు ఎక్కువగా వినిపించేది తాతల తరంలో, అదీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో. గోదావరి దాటాక వినడమే అరుదు. ఏ పేరు ఎంతమందికి పెట్టారో ప్రభుత్వం ఏటా జాబితా ప్రకటించే ఏర్పాటు మన దేశంలో లేదు. అందుకని పేర్ల వెబ్‌సైట్లలో కనిపించే ర్యాంకుల్ని పట్టించుకోవద్దు. మీకు నిజంగా లెక్క కావాలంటే ఒక పూట పని. ఎన్నికల సంఘం సైట్లో మీ పోలింగ్ కేంద్రం ఓటర్ల జాబితా దించుకోండి. ఒక్కో కేంద్రంలో వెయ్యి అటూ ఇటూగా పేర్లుంటాయి, పక్కనే వయసు ఉంటుంది. కూర్మతో మొదలయ్యే పేర్లు అరవై దాటినవాళ్ళలో ఎన్ని, ముప్పై లోపువాళ్ళలో ఎన్ని అని విడివిడిగా గీతలు పెట్టుకోండి. రెండు జాగ్రత్తలు. ప్రతి ఓటరు కింద తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది, అక్కడ కూర్మారావు కనిపిస్తే లెక్కలో వెయ్యకండి. నలుగురు పిల్లలున్న ఒక్క కూర్మారావు అయిదారుగురై కూర్చుంటాడు. రెండోది, ఆ ఫైళ్ళలో కంప్యూటర్‌తో వెతికితే సాధారణంగా దొరకదు. పైగా కూర్మరావు, కుర్మారావు, కూర్మా రావు అని రకరకాలుగా పడి ఉంటాయి. కళ్ళతో చదవాల్సిందే.

అరుదు కావడం వల్ల లాభమూ ఉంది. క్లాసులో ఇంకో కూర్మనాథ్ ఉండడు. హాజరు పట్టీలో ‘సాయి ఎ’, ‘సాయి బి’ అని అక్షరం తగిలించుకునే బాధ లేదు.

ఇక మీ బావమరిది నవ్వు. పరోటాలోకి వేసే కుర్మా తుర్కీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. సంస్కృత కూర్మకీ దానికీ ఏ సంబంధమూ లేదు. తెలుగులో రాస్తే తేడా తెలుస్తూనే ఉంది. ఒకటి ‘కు’, ఒకటి ‘కూ’. ఇంగ్లీషులోకి వెళ్ళగానే ఆ దీర్ఘం ఎగిరిపోతుంది. కె-యు-ఆర్-ఎమ్-ఏ అని రాస్తే హోటల్ మెనూలో ఉన్నదీ అదే, మీవాడి పేరూ అదే. తెలంగాణలో కురుమ అనే కులం పేరు, ఉత్తరాదిలో కుర్మి అనే కులం పేరు కూడా ఆ అక్షరాల దగ్గర్లోనే ఉంటాయి. చూసినవాళ్ళు పేరును ఇంటిపేరో కులం పేరో అనుకుంటారు. ‘కూర్మ’ అని ఒంటిగా వద్దనడానికి ఇదే కారణం. నాథ్ చేరిస్తే ఈ గొడవలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి.

స్పెల్లింగు ‘కె-ఓ-ఓ-ఆర్-ఎమ్-ఏ-ఎన్-ఏ-టి-హెచ్’ అని పెట్టుకోమంటాం. పండితులు కె తర్వాత యు రాసి పైన గీత పెడతారు గానీ ఆ గీత ఏ ఆఫీసు కంప్యూటర్లోనూ పడదు. రెండు ఓలు ఎందుకంటే, ఆధార్ నమోదు చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టిన పేరును సాఫ్ట్‌వేరే తెలుగులోకి మార్చి కింద చూపిస్తుంది. యు కొడితే అది ‘కుర్మనాథ్’ అని హ్రస్వం చేసే అవకాశం ఎక్కువ. ఆపరేటరు తొందరలో ఉంటే అదే ఖాయమవుతుంది. నాథ్ దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. థ, ధ. ‘నాధ్’ అని రాసేవాళ్ళు మన దగ్గర లెక్కలేనంతమంది. నాథుడిలో ఉన్నది చుక్క ఉన్న థ.

ఒకే మాటగా అని ఎందుకు పట్టుబడుతున్నామంటే, కూర్మ తర్వాత ఖాళీ వదిలితే ‘నాథ్’ విడి పేరవుతుంది. బళ్ళో మొదటి మాటే పిలుస్తారు, మళ్ళీ ‘కూర్మ’ దగ్గరికే వస్తాం. విమానం టికెట్టు ఫారంలో, బ్యాంకు ఫారంలో చివరి మాటను ఇంటిపేరు గడిలో వేసేస్తారు. మీవాడు మిస్టర్ నాథ్ అయిపోతాడు.

ఇప్పుడు సర్టిఫికెట్. మొదటి మాట, ఎక్కడికి వెళ్ళాలన్నది. జననం నమోదయ్యేది పుట్టిన చోట, మీరు ఉండే చోట కాదు. కాన్పు విజయనగరంలో అయింది గనుక పేరు ఎక్కించాల్సింది ఆ రిజిస్ట్రేషన్ ఉన్న విజయనగరం నగరపాలక సంస్థ పరిధిలో. మీ ఊరి సచివాలయంలో అడిగి, అక్కడ రికార్డు దొరకలేదన్నారని వెనక్కి తిరిగి రాకండి. చేతిలో ఉన్న పేరులేని సర్టిఫికెట్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ ఉంటాయి. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ ప్రకారం పేరు తర్వాత చేర్చుకోవచ్చు. రిజిస్టరైన తేదీ నుంచి 12 నెలల లోపు అయితే రుసుము లేదు, ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేరుస్తారు. తల్లిదండ్రులిద్దరి ఆధార్, పాత సర్టిఫికెట్, పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాసిన దరఖాస్తు తీసుకెళ్ళండి. నోటితో చెప్పి వదిలేయకండి. ‘కూ’ దగ్గర తప్పులన్నీ నోటిమాట నుంచి పుట్టేవే.

గడి ఖాళీగా ఉన్నప్పుడు పేరు చేర్చడం తేలిక. ఒకసారి ఎక్కాక మార్చడం అంత తేలిక కాదు. అచ్చుతప్పు అయితే 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారు దిద్దుతారు, అదీ మొదటి ఎంట్రీ చెరపకుండా మార్జిన్‌లో రాసి. ‘ఈ పేరు నచ్చలేదు, వేరేది పెడతాం’ అంటే అది దిద్దుబాటు కిందికి రాదు. 2023 సవరణతో, ఆ ఏడాది అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్ళకి బడిలో చేర్చడం నుంచి ఆధార్, పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. అందుకని ముందు ఇక్కడ సరిగ్గా ఎక్కించి, తర్వాతే పిల్లల ఆధార్‌కి వెళ్ళండి. ఆధార్‌లో పేరు మార్పుకి జన్మకి రెండే అవకాశాలు, వాటిని స్పెల్లింగు దిద్దడానికి ఖర్చుపెట్టుకోవద్దు. ఇంటిపేరు పొడి అక్షరంతో కాకుండా పూర్తిగా, మీ ఆధార్‌లో ఏ స్పెల్లింగుతో ఉందో అదే స్పెల్లింగుతో రాయించండి. పాస్‌పోర్టు ఫారం పొడి అక్షరాల్ని ఒప్పుకోదు.

ఇంత చెప్పినా అత్తగారూ మీ ఆవిడా మెత్తబడకపోతే మధ్యేమార్గం ఉంది. నామకరణంలో చెవిలో చెప్పే పేరు, రికార్డులో ఉండే పేరు ఒకటే కావాలని నియమం లేదు. చెవిలో, బియ్యంలో ఉంగరంతో రాసే చోట కూర్మనాథుడు అని, రికార్డులో కశ్యప్ అని పెట్టుకోవచ్చు. అక్షరం మాటకొస్తే కూ ఆరుద్ర ఒకటో పాదం, కా మృగశిర మూడో పాదం. రెండూ మిథునరాశే కాబట్టి పంతులుగారికీ పెద్ద అభ్యంతరం ఉండదు. తాబేలు మాత్రం ఎక్కడికీ పోదు, మీ అత్తగారికి ఆ సంగతి చెప్పాలో వద్దో మీ ఇష్టం. మా ఓటు మాత్రం కూర్మనాథ్‌కే. కశ్యప్‌లు చాలామంది ఉన్నారు, పైగా మీ నాన్నగారి పేరు అందులో వినబడదు. మామగారి పేరున్న పిల్లాణ్ణి పేరు పెట్టి కసరలేనని మీ ఆవిడ సంకోచిస్తుంటే, అందుకోసమే కదా మన ఇళ్ళలో ‘తాతబాబు’ అనే పిలుపు పుట్టింది.

పేరు పెట్టిన సంబరంలో ఎవరైనా నక్షత్ర తాబేలు తెచ్చి ఇస్తానంటే మాత్రం తీసుకోకండి. శ్రీకూర్మం గుడిలో వాటిని పెంచుతారు గానీ, ఇంట్లో పెంచుకుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది.

బాబుకి పదో నెల అంటే ఉచితంగా ఎక్కించుకోవడానికి ఇంకా రెండు నెలలు ఉన్నట్టే. ఈ నెలలోనే ఒక రోజు చూసుకుని విజయనగరం వెళ్ళండి. ఆపరేటరు కొట్టడం అయ్యాక సేవ్ నొక్కకముందు స్క్రీన్ మీ వైపు తిప్పమని అడిగి తెలుగు వరస ఒక్కో అక్షరమే చదవండి: ‘క’కి దీర్ఘం ఉందా, ‘ర’ కింద ‘మ’ ఒత్తు పడిందా, ‘థ’లో చుక్క ఉందా.